నా టీఎఫ్‌ఎస్‌ఏ డబ్బు నేనే తీసి నేనే తిరిగి వేస్తే పెనాల్టీ ఏంటి?

కెనడాలో లాభాల మీద పన్ను పడని పొదుపు ఖాతా టీఎఫ్‌ఎస్‌ఏ లోంచి ఏప్రిల్‌లో 4,000 డాలర్లు తీసి సెప్టెంబరులో తిరిగి వేశానని, ఇప్పుడు అక్కడి పన్నుల శాఖ సీఆర్‌ఏ నుంచి లెటర్ వచ్చిందని రాశారు. ఆ బ్రౌన్ కవరు మా ఇంటికీ వచ్చింది లెండి.

నేను 2021 అక్టోబరులో టొరంటోలో దిగాను. ఏడాది చివర్లో వచ్చినా ఆ సంవత్సరపు 6,000 రూమ్, అంటే ఖాతాలో వేసుకోగలిగే పరిమితి, పూర్తిగా ఇస్తారు. 2022కి ఇంకో 6,000. మొత్తం 12,000 ఫిబ్రవరిలోనే నింపేశాను. మేలో చెల్లి పెళ్లికని 5,000 తీసి ఇంటికి పంపాను. ఆగస్టులో బోనస్ పడింది. వేసే ముందు సీఆర్‌ఏ వెబ్‌సైట్లో మై అకౌంట్ తెరిచి చూస్తే రూమ్ 12,000 అనే ఉంది! అబ్బో, బోలెడు ఉందనుకుని 5,000 వేసేశాను. బ్యాంకు యాప్ కిమ్మనకుండా తీసుకుంది.

ఆ 12,000 జనవరి 1 నాటి లెక్క. మనం ఈ ఏడాది వేసినవి, తీసినవి బ్యాంకులు మరుసటి ఏడాది ఫిబ్రవరి చివరికి గానీ పంపవు. అందుకే ఆ అంకెను నమ్మకూడదు.

ఇక అసలు మెలిక. తీసిన డబ్బుకు రూమ్ తిరిగి వస్తుంది, కానీ వచ్చే జనవరి 1న. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి టీకి దిగినట్టు కాదిది, దిగితే ఆ ఏడాదికి సీటు పోయినట్టే. మిగులు రూమ్ లేకపోతే తిరిగి వేసిందంతా అదనమే. దాని మీద నెలకు 1 శాతం పన్ను. నెలలో ఒక్క రోజు ఉన్నా ఆ నెల మొత్తానికీ పడుతుంది. నాకు నెలకు 50 చొప్పున ఆగస్టు నుంచి డిసెంబరు దాకా 250. మీకు నెలకు 40, నాలుగు నెలలు, 160. జనవరిలో, తీసిన డబ్బు తాలూకు రూమ్‌తో పాటు కొత్త ఏడాది రూమ్ కూడా వచ్చింది కాబట్టి అక్కడితో ఆగిపోయి ఉండాలి, ఈ ఏడాది మళ్లీ ఎక్కువ వేయకపోతే. రిటైర్మెంట్ పొదుపు ఖాతా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఉన్నట్టు 2,000 వెసులుబాటు ఇందులో లేదు.

ఈ పన్ను లెక్క చూపే ఆర్‌సీ243 ఫారం మరుసటి ఏడాది జూన్ 30 లోపు వేయాలి. ఆలస్యమైతే దానికి వేరే పెనాల్టీ, పైన వడ్డీ. మాఫీ కోరుతూ లెటర్ కూడా రాయొచ్చు. పొరపాటు ఎలా జరిగిందో, తెలిశాక ఏం చేశారో స్టేట్‌మెంట్లతో సహా చూపించాలి, రూల్ తెలియదంటే సరిపోదు. నేను 250కి ఎవడు రాస్తాడులే అని బద్ధకించి కట్టేశాను. మీరు మాత్రం రాయండి.

బ్యాంకు మారాలనుకుంటే డబ్బు మీ చేత్తో తీయకండి. కొత్త బ్యాంకుకే చెప్పి ట్రాన్స్‌ఫర్ పెట్టించండి, అది విత్‌డ్రాయల్ కింద లెక్కకు రాదు.

వచ్చే ఏడాది హైదరాబాద్ వెళ్లిపోతే మూసేయాలా అన్నారు. అక్కర్లేదు. కానీ పన్ను లెక్కలో కెనడాకు నాన్ రెసిడెంట్ అయ్యాక వేసిన ప్రతి డాలరు మీదా, అది అకౌంట్లో ఉన్నన్నాళ్లూ నెలకు 1 శాతం పడుతుంది, రూమ్ మిగిలి ఉన్నా సరే. అక్కడ మామూలు రెసిడెంట్ అయ్యాక ఇండియా కూడా దీన్ని ట్యాక్స్ ఫ్రీగా చూడదు. టీఎఫ్‌ఎస్‌ఏలోకి నెలనెలా దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకుని ఉంటే, విమానం ఎక్కేముందే ఆపించండి.