అంతస్తుల అంగడి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ప్రపంచంలో మొట్టమొదటి డిపార్ట్‌మెంట్ స్టోర్ పారిస్‌లోని బాన్ మార్షేయేనా?

జవాబు: ఎక్కువమంది అలాగే చెబుతారు. 1852లో అరిస్టీడ్ బూసికో అందులో భాగస్వామిగా చేరాక ధర చీటీ మీదే రాసిపెట్టడం, కొనకపోయినా లోపల తిరగనివ్వడం, నచ్చకపోతే వాపసు తీసుకోవడం అక్కడ పద్ధతిగా స్థిరపడ్డాయి. కానీ బేరం లేని ధర, రొక్కం అమ్మకం జపాన్‌లో అంతకు చాలా ముందే ఉన్నాయి. ఇప్పటి టోక్యో అయిన ఎడోలో మిట్సుయి కుటుంబం 1673లో పెట్టిన ఎచిగోయా బట్టల దుకాణం అలాగే అమ్మేది. దాని వారసత్వమే నేటి మిట్సుకోషి. అయితే అది డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా మారుతున్నట్టు ప్రకటించుకున్నది 1904లో. అంచేత పద్ధతి లెక్కన ఎడోకు, ఒకే కప్పు కింద అన్ని విభాగాల లెక్కన పారిస్‌కు మా ఓటు.

ప్రశ్న: బ్రిటన్‌లోని డెబెన్‌హామ్స్ లాంటి పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ సంస్థలను ముంచింది ఆన్‌లైన్ అమ్మకాలేనా?

జవాబు: ఆ దెబ్బ నిజమే. అది తగిలేనాటికే సంస్థ అప్పుల్లో కూరుకుపోయి ఉంది. 2003లో పెట్టుబడి సంస్థలు కొన్ని కలిసి, అప్పు తెచ్చి మరీ డెబెన్‌హామ్స్‌ను కొన్నాయి. 2005లో 23 స్టోర్ల భవనాలను బ్రిటిష్ ల్యాండ్ అనే స్థిరాస్తి సంస్థకు దాదాపు 50 కోట్ల పౌండ్లకు అమ్మి, వాటినే దీర్ఘకాలపు లీజుకు తీసుకున్నారు. మరుసటి ఏడాది కంపెనీ తిరిగి స్టాక్ మార్కెట్‌కొచ్చింది, అప్పు మాత్రం దాని నెత్తినే ఉంది.

సొంత భవనమైతే అమ్మకాలు తగ్గిన ఏడాది లాభం తగ్గుతుంది. లీజైతే పై అంతస్తులో పురుగు లేకపోయినా ఆ అంతస్తుకూ అద్దె కట్టాలి. గడువు తీరేదాకా ఖాళీ చేసి పోవడం కూడా తేలిక కాదు. ఇక కోత పెట్టడానికి మిగిలేవి సిబ్బంది, సరుకు, మరమ్మతులు. కౌంటర్‌లో పలికే మనిషి లేక, చెడిన ఎస్కలేటర్ బాగుపడక, వచ్చే నలుగురూ తగ్గుతారు. 2021 మేలో చివరి స్టోర్లు మూతపడ్డాయి. పేరును, వెబ్‌సైట్‌ను ఆన్‌లైన్‌లో బట్టలమ్మే బూహూ కంపెనీ 5.5 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. అందుకే ఏ స్టోర్ నిలబడుతుందో అంచనా వేసేటప్పుడు, అమ్మకాల కన్నా ముందు భవనం ఎవరిదో చూడాలి.

ప్రశ్న: మూసివేత సేల్‌లో కొనడం లాభమేనా? గిఫ్ట్ కార్డు ఉంటే ఏం చేయాలి?

జవాబు: ముందు కార్డు వాడేయండి, దివాలా వార్త విన్న రోజే. అందులోని సొమ్ము సాధారణంగా పూచీ లేని అప్పు కిందికి వస్తుంది. తాకట్టు ఉన్న బ్యాంకులు తీసుకున్నాక మిగిలితేనే మీ వంతు. కెనడాలో 1670 నాటి హడ్సన్స్ బే కంపెనీ 2025 మార్చిలో అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. ఏప్రిల్ మొదటి వారం దాటాక కార్డులు చెల్లలేదు, స్టోర్లు మాత్రం జూన్ 1 దాకా అమ్ముతూనే ఉన్నాయి.

ఇలాంటి సేల్ నడిపేది చాలాసార్లు లిక్విడేటర్, అంటే మూతపడే సంస్థ సరుకును అమ్మి సొమ్ము చేసేవాడు. మొదట్లో తగ్గింపు తక్కువ, అదీ పూర్తి ధర మీద లెక్క. నెల కిందటి మామూలు ఆఫర్‌లో అదే వస్తువు ఇంకా చౌకగా దొరికి ఉండొచ్చు. తగ్గింపు పెరిగే సరికి అందరికీ సరిపడే సైజులు ఖాళీ. సేల్ కోసమని బయటి సరుకు కలపడమూ ఉంది, లేబుల్ చూసి కొనండి. వాపసు ఉండదు కాబట్టి కరెంటు వస్తువును అక్కడే ఆన్ చేయించి, తయారీ కంపెనీ వారంటీ వర్తిస్తుందో లేదో కనుక్కోండి. డబ్బంతా కట్టి, సరుకు తర్వాత పంపమనడం అసలు వద్దు. చివరి రోజుల్లో అరలు, అద్దాలు, బట్టలు తొడిగే బొమ్మలు కూడా అమ్మకానికి పెడతారు. కొత్తగా కొట్టు పెట్టేవాళ్లకు అసలు బేరం అదే.

ప్రశ్న: సెంట్లు, మేకప్ సామాను ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఎందుకు?

జవాబు: చోటు తక్కువ పడుతుంది, లాభం ఎక్కువ, తొడిగి చూసే గది అక్కర్లేదు, దారిన పోతూ కొనేయొచ్చు. మంచం కావాలనుకున్నవాళ్లు ఎన్ని అంతస్తులైనా ఎక్కుతారు. జపాన్‌లో తినుబండారాలు నేలమాళిగలో ఉంటాయి, చాలాచోట్ల స్టేషన్ నుంచి నేరుగా అక్కడికే దారి. పై అంతస్తులో ప్రదర్శన పెట్టి జనాన్ని రప్పిస్తే, దిగేటప్పుడు ప్రతి అంతస్తులో ఏదో ఒకటి కొంటారని లెక్క. దీన్ని షవర్ ప్రభావం అంటారు. కింద తిండికి వచ్చినవాళ్లు పైకి ఎక్కితే అది ఫౌంటెన్ ప్రభావం.