2 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో లినక్స్ బిగుసుకుపోతుంటే నేను చేసినవి

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది: 2 జీబీ ర్యామ్, రెండు కోర్ల ప్రాసెసర్, పాత హార్డ్ డిస్క్. డెస్క్‌టాప్ వచ్చేదాకా బాగానే ఉంటుంది, బ్రౌజర్‌లో మూడో ట్యాబ్ తెరవగానే మౌస్ బాణం కూడా కదలదు. ఇప్పటికే రెండు డిస్ట్రోలు (లినక్స్‌లో రకాలు) మార్చి చూశారు, మూడోది ఏది వేయాలని అడుగుతున్నారు.

మూడోది వేయడానికి ముందు ఒక్క పూట ఆగండి. ఇలాంటి లాప్‌టాప్‌నే మా నాన్నగారి కోసం నాలుగేళ్లుగా నడుపుతున్నాను. మొదటి నెలంతా నేనూ డిస్ట్రోలు మారుస్తూ గడిపాను. కొత్తది వేసిన ప్రతిసారీ కాసేపు హాయిగా అనిపించేది. బ్రౌజర్ తెరిచాక మళ్లీ మొదటికే వచ్చేది.

జబ్బు ఎక్కడుందో నాకు తెలిసింది వీఎంస్టాట్ అనే చిన్న కమాండ్ వల్ల. దాని పక్కన 1 అని రాస్తే సెకనుకోసారి ఒక వరుస అంకెలు చూపిస్తుంది. టెర్మినల్‌లో దాన్ని నడవనిచ్చి, పక్కనే బ్రౌజర్ తెరిచాను. అందులో 'ఎస్ఐ', 'ఎస్ఓ' అని రెండు నిలువు గళ్లుంటాయి. స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు అందులోని సరుకును తాత్కాలికంగా దాచే చోటు, మామూలుగా డిస్క్ మీద ఉంటుంది. స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వచ్చేది మొదటి గడిలో, ర్యామ్ నుంచి స్వాప్‌లోకి పోయేది రెండో గడిలో కనిపిస్తాయి. మొదటి ట్యాబ్ తెరిచినప్పుడు రెండూ సున్నాలే. రెండో ట్యాబ్‌కు ఎప్పుడో ఒక అంకె మెరిసి పోయింది. మూడో ట్యాబ్ తెరిచీ తెరవగానే రెండు గళ్లూ వేలతో నిండిపోయాయి, డిస్క్ దీపం ఆరకుండా వెలగడం మొదలైంది, 'డబ్ల్యూఏ' గడి 80 దాటింది. ఆ గడి చెప్పేది ప్రాసెసర్ తన సమయంలో ఎంత శాతం డిస్క్ కోసం ఊరికే కాచుకుని ఉందో. అంటే నేను ఇన్నాళ్లూ ముసలిదైపోయిందని తిట్టుకున్న ప్రాసెసర్‌కు అసలు పనే లేదు.

కారణం సులువుగానే అర్థమవుతుంది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్, చెల్లాచెదురుగా ఉన్న చోట్లకు వెళ్లి చదవాలంటే ఒక్కో చోటికి పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. సెకనుకు వంద చోట్లు కూడా తిరగలేదు. మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా పంచుతారు, ఒక్కొక్కటి 4 కేబీ. మరీ చెల్లాచెదురుగా ఉన్నప్పుడు సెకనుకు అర మెగాబైటు కూడా రాదు. బ్రౌజర్‌కు వందల మెగాబైట్లు వెనక్కి కావలసి వస్తే ఏమవుతుందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు.

అందుకే నా మొదటి సలహా జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా వాడుకుని, అందులోకి వెళ్లే పేజీలను కుదించి దాచే ఏర్పాటు ఇది. 2014 నుంచి లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో భాగంగా ఉంది. ఫెడోరా 2020లో వచ్చిన 33వ విడుదల నుంచి దీన్ని తనంతట తానే పెడుతోంది. డెబియన్, ఉబుంటులలో జెడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే చాలు. ఉన్న ర్యామ్‌ను మళ్లీ ర్యామ్‌లోనే దాచితే ఒరిగేదేమిటని నాకూ మొదట అనుమానం కలిగింది. జెడ్‌ర్యామ్‌సీటీఎల్ కమాండ్ కొట్టి చూశాక ఆ అనుమానం తీరింది: 600 ఎంబీకి పైగా ఉన్న సరుకు 200 ఎంబీ లోపలే సర్దుకుని కూర్చుంది. కుదించడానికి ప్రాసెసర్ కొంచెం కష్టపడాలి, నిజమే. కానీ ఖాళీగా కాచుకున్నది అదే కదా.

పరిమాణం నేను ర్యామ్‌తో సమానంగా, 2 జీబీ పెట్టాను. అది పైకి కనిపించే పరిమాణం మాత్రమే, నిండేకొద్దీ తప్ప ర్యామ్ తీసుకోదు. కుదింపు పద్ధతుల్లో జెడ్‌ఎస్‌టీడీ బాగా కుదిస్తుంది కానీ పాత ప్రాసెసర్‌కు బరువు. ఎల్‌జెడ్4తో నాకు తేడా హాయిగా తెలిసింది. డిస్క్ మీద ఉన్న స్వాప్‌ను తీసేయకండి, దాని ప్రాధాన్యం తగ్గించి చివరి ఆసరాగా ఉంచండి. డిస్క్ స్వాప్‌కు వెళ్లే పేజీలను ముందు ర్యామ్‌లోనే కుదించి ఉంచే జెడ్‌స్వాప్ అనే మరో సదుపాయం మీ డిస్ట్రోలో ముందే నడుస్తుంటే దాన్ని ఆపండి. రెండూ కలిసి ఉంటే ఒకదాని పనికి ఇంకొకటి అడ్డుపడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కెర్నల్ స్వాప్‌ను ఎంత చొరవగా వాడాలో చెప్పే స్వాపీనెస్ అనే విలువను 10కి తగ్గించమని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. మామూలుగా అది 60 ఉంటుంది. స్వాప్ హార్డ్ డిస్క్ మీద ఉన్నంతకాలం తగ్గించడంలో అర్థం ఉంది. జెడ్‌ర్యామ్ పెట్టాక లెక్క తిరగబడుతుంది: స్వాప్‌లోకి పంపడం చౌక, డిస్క్ నుంచి ప్రోగ్రామ్ ఫైళ్లను మళ్లీ చదవడం ఖరీదు. కెర్నల్ 5.8 నుంచి ఈ విలువను 200 దాకా పెంచవచ్చు. నేను 150 పెట్టాను. దాంతోపాటు పేజ్ క్లస్టర్ అనే విలువను 3 నుంచి 0కి మార్చండి. 3 అంటే ఒక పేజీ అడిగితే ఎనిమిది పేజీలు తెచ్చి పెట్టడం. తిరిగే డిస్క్‌కు అది మేలు, ర్యామ్‌లో ఉన్న స్వాప్‌కు వృథా శ్రమ.

కాష్‌ను, అంటే డిస్క్ నుంచి చదివినవాటిని ర్యామ్‌లో ఉంచుకునే చోటును, ఖాళీ చేసే స్క్రిప్టును గంటకోసారి నడపాలా అని కూడా అడిగారు. వద్దు. ఫ్రీ కమాండ్‌లో 'ఫ్రీ' అనే గడి చూసి కంగారు పడకండి, 'అవైలబుల్' గడి చూడండి. కాష్‌లో ఉన్నది అవసరమైనప్పుడు కెర్నల్ తానే వదిలేస్తుంది. మీరు బలవంతంగా ఖాళీ చేయిస్తే, అదంతా ఆ నెమ్మది డిస్క్ నుంచే మళ్లీ చదవాలి.

ఇక బ్రౌజర్. 2 జీబీలో అసలు బరువు అదే. యూబ్లాక్ ఆరిజిన్ వేస్తే ప్రకటనలతో పాటు అవి లాక్కొచ్చే స్క్రిప్టులూ పోతాయి, ఒక్కో పేజీ బరువు కళ్లకు కనిపించేంత తగ్గుతుంది. ఫైర్‌ఫాక్స్ చిరునామా గడిలో 'అబౌట్' తర్వాత కోలన్, ఆ తర్వాత 'అన్‌లోడ్స్' అని కొడితే, వాడని ట్యాబులను మూసేయకుండానే మెమరీ నుంచి దించే పేజీ వస్తుంది. మా నాన్నగారు ఏ ట్యాబూ మూయరు కాబట్టి ఇది మాకు చాలా పనికొచ్చింది. వీడియోలు తడబడుతుంటే అవి హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లో వచ్చేలా చేసే ఎక్స్‌టెన్షన్ వేయండి. పాత గ్రాఫిక్స్ చిప్‌లు చాలావరకు వీపీ9, ఏవీ1 అనే కొత్త ఫార్మాట్లను సొంతంగా విప్పలేవు, ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది.

డెస్క్‌టాప్ విషయంలో ఎల్ఎక్స్‌క్యూటీ గానీ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ చాలు. బరువైన డెస్క్‌టాప్ నుంచి మారితే నాకు దాదాపు 300 ఎంబీ మిగిలింది. ఫైళ్లను సూచిక చేసే సేవ నడుస్తుంటే ఆపండి. బూట్ సమయం తగ్గించే చిట్కాలతో పొద్దు పుచ్చకండి, రోజుకోసారి మిగిలే పది సెకన్ల కోసం అంత శ్రమ అనవసరం. ప్రాసెసర్ 64 బిట్‌దైతే 64 బిట్ డిస్ట్రోనే వాడండి. 32 బిట్‌లో కాస్త మెమరీ మిగులుతుంది కానీ, 2025లో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలరే లేదు.

మరొకటి, ఎర్లీఊమ్ అనే చిన్న సేవ. అందుబాటులో ఉన్న మెమరీ, మిగిలిన స్వాప్ రెండూ పది శాతం కంటే తగ్గినప్పుడు ఎక్కువ మెమరీ మింగుతున్న ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. ఒక ట్యాబు పోతుంది, అంతే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిన అవసరం మాకు ఆ తర్వాత రాలేదు.

ఎస్ఎస్‌డీ కొనగలిగితే ఈ జాబితాలో అన్నింటికంటే పెద్ద మార్పు అదే, సందేహం లేదు. కొన్నా కొనకపోయినా స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఇప్పుడున్న డిస్క్ ఆరోగ్యం ఒకసారి చూడండి. మొదట్లో 5 అనే నంబరున్న వరుసలో గానీ 197 ఉన్న వరుసలో గానీ చివరి అంకె సున్నా కాకుండా ఉంటే, వేగం సంగతి పక్కన పెట్టి ముందు మీ ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోండి. మా డిస్క్‌లో 197 నంబరు వరుస 24 చూపించింది. ఆ రాత్రే ఫొటోలన్నీ తీసి పెట్టాను, రెండు నెలలకు డిస్క్ పూర్తిగా పోయింది.

జెడ్‌ర్యామ్ పెట్టాక అవే మూడు ట్యాబులు తెరిచి వీఎంస్టాట్ మళ్లీ చూడండి. ఈసారి 'ఎస్ఐ', 'ఎస్ఓ'లలో అంకెలు కనిపిస్తాయి, ఆందోళన పడకండి, అవి జెడ్‌ర్యామ్‌కు వెళ్లి వచ్చేవే. 'డబ్ల్యూఏ' పడిపోయిందా లేదా అన్నదే ముఖ్యం. పడిపోకపోతే వీఎంస్టాట్ చూపిన ఒక పది వరుసల అంకెలను ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.