జిప్సం నేల, డీజిల్ లీకు: ఈ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: చెన్నైలో బీఈ సివిల్ మూడో ఏడాది చదువుతున్నాను. జిప్సం ఎక్కువున్న నేలలో ఇంధనం ఇంకితే పునాదులకు ఏమవుతుందన్నది ప్రాజెక్టుగా తీసుకోవాలనుంది. దీనికి ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: తప్పకుండా తీసుకోండి. అయితే పీజీ మాత్రం జియోటెక్నికల్‌లో, అంటే నేల, పునాదుల ఇంజనీరింగ్‌లో చేసి, దీన్ని అందులో మీ ప్రత్యేకతగా నిలుపుకోండి. ఐఐటీ మద్రాస్‌కు గేట్ రాయాలి. గిండీలో అన్నా యూనివర్సిటీ ఉండనే ఉంది. సాయిల్ ఇన్వెస్టిగేషన్ కంపెనీలు, ఆయిల్ టెర్మినళ్ల పనులు, గల్ఫ్ కన్సల్టెన్సీలు మీరు చూడాల్సిన చోట్లు. ఇరాక్‌లో ఇలాంటి నేలలు విస్తారంగా ఉన్నాయి.

ఇంటర్వ్యూలో నిలబెట్టేది విషయం మీద పట్టే. జిప్సం నేల పొడిగా ఉన్నంతకాలం గట్టిగానే ఉంటుంది, రేణువులను అతికించి ఉంచేది జిప్సమే కనుక. లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములు కరుగుతుంది. నీరు పారుతూ ఉంటే అతుకులు ఊడి నేల కుంగుతుంది. డీజిల్‌లో జిప్సం కరగదు. పైగా డీజిల్ రేణువుల చుట్టూ పొరకట్టి నీటిని కొంత అడ్డుకుంటుంది కాబట్టి కుంగుడు తగ్గినట్టు కనిపించవచ్చు. అది చూసి మేలే జరిగిందని రాసేయకండి! అదే పొర రేణువుల మధ్య రాపిడిని తగ్గిస్తుంది, ఫుటింగ్ (పునాది అడుగు భాగం) మోయగల బరువు పడిపోతుంది. జిప్సం నుంచి వచ్చే సల్ఫేట్ తగిలి దెబ్బతినకుండా కాంక్రీటుకు పూసిన తారు పూతను కూడా డీజిల్ కరిగించేస్తుంది. చాలామంది దీన్ని మరిచిపోతారు.

ఎండిన మట్టి బరువులో 0, 2, 4, 6, 8 శాతం డీజిల్ కలిపి, గాలి చొరని కవర్లలో వారం ఉంచండి. మట్టిని అడ్డంగా కోసి బలం చూసే డైరెక్ట్ షియర్ పరీక్షలో రాపిడి కోణం తీయండి. మట్టిని బరువు కింద నొక్కి కుంగుడు కొలిచే ఈడోమీటర్‌లో 200 కిలోపాస్కల్ దాకా లోడ్ పెంచి, నమూనాలోకి నీళ్లు వదిలి, కుంగుడు కొలవండి.

ప్రయోగం దెబ్బతినేది మట్టిని ఆరబెట్టే ఓవెన్ దగ్గర. మామూలుగా పెట్టే 105 డిగ్రీల్లో జిప్సం తన స్ఫటిక జలాన్నే, అంటే స్ఫటికంలో భాగంగా ఉన్న నీటినే వదిలేస్తుంది. 40 శాతం జిప్సం ఉన్న 100 గ్రాముల మట్టి, పూర్తిగా ఎండినదైనా సరే, ఆరు గ్రాముల దాకా తగ్గగలదు. దాన్ని తేమ అనుకుంటే లెక్కలన్నీ తప్పుతాయి. అందుకే 60 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి, డీజిల్ కలపకముందే తేమ తేల్చుకోండి. కలిపాక మామూలు ఓవెన్‌లో అసలు పెట్టకండి, మంటలు లేచే ప్రమాదం ఉంది. స్పెసిఫిక్ గ్రావిటీ (నీటితో పోలిస్తే రేణువులు ఎన్ని రెట్లు బరువో) తీసేటప్పుడు కూడా, నీళ్లలో జిప్సం కరుగుతుంది కనుక, డెన్సిటీ బాటిల్‌లో నీళ్లకు బదులు కిరోసిన్ పోయాలి.

ఇసుకలో జిప్సం పొడి కలిపి నమూనా చేస్తే సహజమైన అతుకు రాదు, ఆ పరిమితి రిపోర్టులో రాయండి. గైడ్ దగ్గరికి వెళ్లేముందు మీ ల్యాబ్‌లో ఈడోమీటర్ పనిచేస్తోందో లేదో చూసుకోండి.