పిల్లోణ్ణి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లు

అమ్మణ్ణీ,

నీ ఉత్తరం అందింది. ఫోస్టర్ కేర్ కింద, అంటే కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల్ని వేరే కుటుంబంలో ఉంచే ఏర్పాటు కింద, మీ ఇంటికొచ్చిన పిల్లోడు అల్లరి చేయడనీ, ఏదీ అడగడనీ, చంద్రగిరిలో మీ వీధంతా మెచ్చుకుంటోందనీ సంబరంగా రాశావు. దిండు గలీబులో ఎండిపోయిన ఇడ్లీ ముక్కలు దొరికాయని మాత్రం చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు మనసులో నిలిచింది అదే.

ఆకలి ఎరిగిన పిల్లలు, ఇల్లు చెదిరిన పిల్లలు ఇలా దాచుకుంటారు. దొంగతనం అనొద్దు. ఒక డబ్బాలో బొరుగులు, చిక్కీ పోసి వాడికి అందేచోట పెట్టు. "ఇది నీదే, అడక్కుండా తీసుకో" అని చెప్పు. ఖాళీ అయితే ఏమీ అనకుండా నింపు. ఎంత కోపమొచ్చినా "పంపించేస్తా" అనే మాట నీ నోట రాకూడదు. వాడు దాన్ని నిజమనే నమ్ముతాడు.

ప్రేమగా చూసుకుంటే చాలు, డాక్టరెందుకని మీ అత్తగారు అంటున్నారట. రాత్రిళ్లు ఉలిక్కిపడటం, పక్క తడపడం, కన్నతల్లిని చూసొచ్చిన రోజు అన్నం ముట్టకపోవడం నెలల తరబడి సాగుతుంటే ప్రేమతోపాటు వైద్యమూ కావాలి. అమెరికాలో హింస, నిర్లక్ష్యం జరిగిందన్న ఫిర్యాదులపై శిశు సంక్షేమ అధికారులు విచారణ జరిపిన కుటుంబాల్లోని 2 నుంచి 14 ఏళ్ల పిల్లల మీద 2004లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. దాదాపు సగం మందికి మానసిక సమస్యలు కనిపించాయి. వాళ్లలో నాలుగో వంతు మందికే ఆ ఏడాది మానసిక వైద్యం అందింది. గోల చేసే పిల్లోణ్ణయినా ఎవరో ఒకరు పట్టించుకుంటారు. నోరు మెదపనివాడి సంగతే నాకు భయం.

తిరుపతి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకో. వాణ్ణి మీకు అప్పగిస్తూ బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఆర్డరు జిరాక్సు దగ్గరుంచుకో. ముందుగా జిల్లా బాలల సంరక్షణ విభాగంవాళ్లకు చెప్పి, వాడి పాత వివరాలు అడుగు. ఏ రోజు, ఏం జరిగాక భయపడ్డాడో నోటుపుస్తకంలో రాసి డాక్టరుకివ్వు. వాడి ఎదుట వాడి కథ చెప్పొద్దు. మందులు రాస్తే ఎందుకో, ఎన్నాళ్లో అడుగు.

మొదటిసారి వాడు నోరు విప్పకపోవచ్చు. అందుకని మానేయకు, మళ్లీ రమ్మన్న తేదీకి వెళ్లు. పిల్లల సంరక్షణకు ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకొచ్చే 4,000 రూపాయల్లోంచి ఆటో ఖర్చు తియ్యి, అది వాడికోసం ఇచ్చిందే.

నీకే టెన్షన్‌గా ఉంటే అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ