పదేళ్ల పిల్లలకు ఏ జీవితచరిత్ర కొనాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల పుస్తకాల గురించే. వాటిలో నాలుగింటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. పుట్టినరోజుకి వందమంది మహనీయుల జీవితాలున్న లావుపాటి పుస్తకం కొన్నాం. నాలుగు పేజీలు చదివి పక్కన పెట్టేశాడు. కథల పుస్తకమైతే అన్నం తినేటప్పుడు కూడా వదలడు. లోపం ఎక్కడుంది?
– ఒక తల్లి, తణుకు

జవాబు: లోపం బాబుది కాదమ్మా, పుస్తకానిది. మనిషికి రెండేసి పేజీలిస్తే వాటిలో పట్టేది పుట్టిన తేదీ, ఊరు, చదువు, బిరుదులు, మరణం. క్విజ్ పోటీకి అది చాలు. కథలు చదివే పిల్లవాడికి 'తర్వాత ఏమైంది?' అన్న ఆత్రం కావాలి, అది రెండు పేజీల్లో పుట్టదు. ఆ పుస్తకాన్ని పారేయకండి. ఎవరి గురించి ఇంకా తెలుసుకోవాలనుందో వాడినే అందులోంచి ఎంచుకోమనండి. చదవడానికి మాత్రం ఒకే మనిషి మీద 60 నుంచి 120 పేజీల పుస్తకం తీసుకోండి. ఒక్కో అధ్యాయం ఆరేడు పేజీలు మించకపోతే ఒక్క విడతలో పూర్తవుతుంది.

సన్నగా ఉంటే చాలనుకుని మోసపోయేవాళ్లూ ఉన్నారు. సాహిత్య అకాడెమీ వారి 'భారతీయ సాహిత్య నిర్మాతలు' వరుస పుస్తకాలు సన్నగానే ఉంటాయి. కానీ అవి పెద్దవాళ్ల కోసం రాసినవి, రచనల విశ్లేషణే వాటిలో ముఖ్యం. పిల్లలకైతే నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి ప్రచురణ సంస్థల జాబితాలు ముందు చూడండి.

తన వయసు మనిషి కనిపించే ఘట్టం ఉంటే ఈ పిల్లలు పుస్తకానికి అతుక్కుపోతారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన దగ్గర టికెట్ లేనివాళ్లను ఆపే పని పద్నాలుగేళ్ల దుర్గాబాయికి (తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్) అప్పగించారు. వచ్చింది నెహ్రూ. చేతిలో టికెట్ లేదు, ఆపేసింది. నిర్వాహకులు టికెట్ తెచ్చి ఇచ్చాకే లోపలికి వదిలింది. ఆరో తరగతి పిల్లవాడు ఇక్కడ తప్పకుండా ఆగి, ఆ చోట నేనుంటే ఏం చేసేవాణ్నని ఆలోచిస్తాడు.

అయితే అక్కడితోనే సరిపెట్టే పుస్తకం వద్దు. దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఎలా మొదలైందో, రాజ్యాంగ సభలో ఆమె ఏం చేశారో కూడా ఉండాలి. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ మీద వచ్చిన పుస్తకాల్లో ఈ లోపం మరీ ఎక్కువ. బోరింగు నీళ్లు చేతి మీద పడుతుంటే 'నీరు' అన్న మాట అర్థమైన రోజుతో కథ ముగించేస్తారు. అది 1887 ఏప్రిల్, ఆమెకింకా ఏడేళ్లు నిండలేదు. ఆమె బతికింది 87 ఏళ్లు! మిగతా ఎనభై ఏళ్లూ ఏమయ్యాయని అడిగే పిల్లవాడికి ఆ పుస్తకంలో జవాబు దొరకదు.

ప్రశ్న: మా స్కూలు లైబ్రరీకి జీవితచరిత్రలు కొనే బాధ్యత నాది. ఒకే మనిషి మీద నాలుగైదు పుస్తకాలు కనిపిస్తున్నాయి. షాపులో నిలబడి ఏది నమ్మదగిందో తేల్చుకునే ఉపాయం ఉందా?
– ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: ఉందండీ, పుస్తకానికి పది నిమిషాలు పడుతుంది.

మొదట ఓటమి ఉన్న పేజీ వెతకండి. కలాం పుస్తకమైతే 1979 ఆగస్టు 10 దగ్గరికి వెళ్లండి. ఆ రోజు శ్రీహరికోట నుంచి లేచిన ఆయన బృందం మొదటి ఎస్ఎల్‌వి-3 (ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్) బంగాళాఖాతంలో పడిపోయింది. 'నిరాశ చెందక పట్టుదలతో విజయం సాధించారు' అని ఒక్క వాక్యంలో దాటేస్తే పుస్తకం కింద పెట్టేయండి. మంచి రచయిత కారణం చెబుతాడు: ఒక వాల్వులో మలినం చేరి అది మూసుకోలేదు, రెండో దశ నియంత్రణకు కావలసిన నైట్రిక్ ఆమ్లం రాకెట్ లేవకముందే కారిపోయింది. ఇంత చిన్న సంగతి అంత పెద్ద రాకెట్‌ను పడగొట్టిందని చదివాక, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు పిల్లలకు ఆ సంతోషం నిజంగా అందుతుంది.

తర్వాత సంభాషణలు చూడండి. మూడు వందల ఏళ్ల క్రితం తల్లీకొడుకులు వంటింట్లో మాట్లాడుకున్నది రచయితకు ఎలా తెలిసింది? ఉత్తరాలు, డైరీలు, ఆత్మకథ ఆధారమైతే ముందుమాటలోనో చివరి పేజీలోనో చెబుతారు. కల్పించామని చెప్పినా పరవాలేదు. ఏమీ చెప్పకుండా పేజీ నిండా కొటేషన్లు పెడితే అది నవల.

మూడోది, వాట్సాప్ కథలు. ఎడిసన్ బడి నుంచి ఉత్తరం తెచ్చాడు, అందులో 'మందబుద్ధి' అని ఉంటే తల్లి 'మేధావి' అని మార్చి చదివింది అన్న కథ అచ్చయిన పుస్తకాల్లోకీ ఎక్కేసింది. ఎడిసన్ స్వయంగా చెప్పింది వేరు: టీచరు తనను అలా అనడం తన చెవులతోనే విన్నాడు, ఇంటికెళ్లి చెబితే తల్లి కోపంగా బడికి వచ్చి నిలదీసింది. అబద్ధమాడిన తల్లి కంటే కొడుకు పక్షాన నిలబడిన ఈ తల్లి కథే బాగుంది కదా! ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడనడమూ తప్పే. పదిహేనేళ్లు నిండకముందే ఆయనకు కాలిక్యులస్ అనే పైస్థాయి గణితం వచ్చు. న్యూటన్ ఆపిల్ పండు రాలడం చూసి ఆలోచనలో పడ్డానని చెప్పాడు గానీ, నెత్తిన పడిందని ఎక్కడా చెప్పలేదు. ఇలాంటివి రెండు కనిపిస్తే మిగతా పేజీల్నీ నమ్మకండి.

ఒక జాగ్రత్త. అల్లూరి సీతారామరాజు పుట్టిన సంవత్సరం ఒక పుస్తకంలో 1897 అని, ఇంకోదాంట్లో 1898 అని ఉంటుంది. దాన్ని అచ్చుతప్పుగా లెక్కేయకండి. రెండూ వాడుకలో ఉన్నాయి. ఆ మాట పిల్లలకు విప్పి చెప్పిన పుస్తకమే మెరుగు.

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. అంబేడ్కర్, అల్లూరి జీవితాల్లో అవమానాలు, చావులు ఉంటాయి కదా. ఈ వయసులో చదివించొచ్చా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: చదివించండి, పక్కన కూర్చుని. తొమ్మిదో పదో ఏట తనకు జరిగింది అంబేడ్కరే రాశారు. తండ్రి దగ్గరికి బయల్దేరి ఆయనా, వెంట ఉన్న పిల్లలూ మసూర్ స్టేషన్లో దిగారు. వాళ్లు అంటరానివారిగా చూసే మహార్ కులం పిల్లలని తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇస్తామంటేనే ఒక బండివాడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలాలి, తాను పక్కన నడుస్తాడు. దగ్గర అన్నం ఉంది, దారిలో తాగడానికి నీళ్లిచ్చేవారు లేరు. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. 'ఎందుకివ్వలేదు?' అని పాప అడుగుతుంది, అప్పుడు కులం గురించి దాచకుండా చెప్పండి. 'చిన్నప్పుడు ఎన్నో కష్టాలు పడ్డారు' అని తేల్చేసే పుస్తకం ఆ ప్రశ్న పుట్టనివ్వదు.

అల్లూరి విషయంలో 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారన్న నిజం దాచొద్దు. గాయాల వర్ణన, నెత్తుటి బొమ్మలు మాత్రం ఈ వయసుకు అనవసరం. అడవిలో పోడు సాగుకు ఆంక్షలు ఎలా వచ్చాయో, మన్యం జనం ఎందుకు ఆయన వెంట నడిచారో చెప్పని పుస్తకంలో మిగిలేది విల్లు, బాణాలే.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. అమ్మాయికి పదకొండేళ్లు, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. గాంధీ ఆత్మకథ 'సత్యశోధన' తెప్పించమంటారా?
– ఒక తల్లి

జవాబు: మొత్తం పుస్తకం ఇప్పుడే వద్దు. ఆహార ప్రయోగాలు, బ్రహ్మచర్యం గురించిన అధ్యాయాలు పిల్లలకు అందవు. పైగా అది 1920ల మొదట్లోనే ఆగిపోతుంది, ఉప్పు సత్యాగ్రహం అందులో ఉండదు. అన్న కడియంలోంచి బంగారం ముక్క తీసి, తప్పు ఒప్పుకుంటూ తండ్రికి చీటీ రాసిన అధ్యాయం ఒక్కటీ మీరు చదివి వినిపించండి.

తను చదవడానికి అక్షరాలు పెద్దవిగా, వాక్యాలు చిన్నవిగా ఉన్న పుస్తకం చూడండి. 'జన్మించెను, గావించెను' అనే పాత ముద్రణలు వద్దు. ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. తెలియని మాటలు ఐదు దాటితే ఆ పుస్తకం ఇద్దరూ కలిసి చదవాల్సింది: ఒక పేజీ మీరు, ఒక పేరా తను, రోజుకు పావుగంట. అదే మనిషి గురించి ఇంగ్లీషులో ముందు చదివేసినా నష్టం లేదు. కథ తెలిసుంటే తెలుగు మాటలు సులువుగా పట్టుబడతాయి.