రెండంగుళాల సంగతి రాయమ్మా

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. ఈ ముసలాయనకి ఫోన్‌లో చదవడం కష్టమని ప్రింటు తీసి పోస్టులో పంపావు, సంతోషం. మెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది, అది చివర్లో చెప్తాను. మర్చిపోతే ఏమీ అనుకోకు.

శీర్షిక చదవగానే కాగితాలు బల్ల మీద పెట్టేసి కాఫీ కలుపుకోడానికి వెళ్లాను. ‘నవ్వుల వెనుక కన్నీటి సంద్రం’. అదీ మూకీల నాటి అమెరికన్ హాస్యనటుడు బస్టర్ కీటన్ మీద! నలభై ఏళ్లలో ఇలాంటి శీర్షికతో ఎన్ని వ్యాసాలు చదివానో లెక్కలేదు. వాటిలో మూడు నేను రాసినవే, కాబట్టి తిట్టే హక్కు నాకుంది. హాస్యనటుడు పోతే చాలు, మనవాళ్లు ఇదే సంద్రం తవ్వుతారు. ఇప్పుడైతే యూట్యూబ్‌లో ఫొటో పక్కన ఎర్ర బాణం గీసి ‘చివరి రోజుల్లో తిండి లేక...’ అని పెడుతున్నారు. లోపల చూస్తే ఆ మనిషికి మూడు ఇళ్లుంటాయి.

మొదటి పేజీలోనే ఆయన్ని ‘కళామతల్లి ముద్దుబిడ్డ’ అన్నావు. ఆ మాటకి అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఏం పనమ్మా? అమ్మానాన్నలు మందులు అమ్మే ఓ కంపెనీతో ఊరూరా ఆడుతూ పోతుంటే, 1895 అక్టోబర్ 4న పిక్వా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. బండి ఆగిన చోట పుట్టాడు, అంతే. పసిపిల్లాడు మెట్ల మీంచి దొర్లిపడి ఏమీ కానట్టు లేస్తే ‘బస్టర్’ అని పేరు పెట్టింది సంకెళ్లు విడిపించుకునే ఇంద్రజాలికుడు హుడినీ అని రాశావు. ఇంట్లో చెప్పుకున్న కథ అది. మొదట్లో ఆయన తండ్రి చెప్పినప్పుడు ఆ పేరు పెట్టింది వేరే నటుడు. హుడినీకి పేరొచ్చాక కథలోకి ఆయన వచ్చాడు. రాయొద్దని కాదు. ‘వాళ్లింట్లో ఇలా చెప్పుకునేవారు’ అని ఒక్క మాట చేర్చు.

నాకు అసలు కోపం వచ్చింది మూడో పేజీలో. తండ్రి జో, తల్లి మైరా, ఈ పిల్లాడు కలిసి స్టేజీ మీద ఆడేవారు, తండ్రి పిల్లాణ్ణి ఎత్తి విసిరేసేవాడు అని చెప్పి ‘చితికిన బాల్యం’ అని పేరా ముగించావు. పిల్లాణ్ణి విసిరేయడం మంచిదని నేనూ అనను. న్యూయార్క్‌లో పిల్లల రక్షణ సంఘం వాళ్లు ఈ కుటుంబం వెంట పడ్డారు కూడా. కానీ ఎలా విసిరేవాడో నువ్వు రాయలేదు. పిల్లాడి చొక్కా వెనకాల, సరిగ్గా వీపు మీద, సూట్‌కేసు పిడి కుట్టించాడు. ఆ పిడి పట్టుకుని విసిరేవాడు. ఆ పిడి ఒక్కటి రాసి ఊరుకుంటే చదివేవాడు తన వీపు తడుముకుంటాడు. ‘చితికిన’ అనే మాటకి ఆ పని చేతకాదు.

అక్కడే ఆ పిల్లాడు ఇంకోటి కనిపెట్టాడు. దెబ్బ తగిలాక తాను నవ్వితే జనం తక్కువ నవ్వుతున్నారు. మొహం రాయిలా పెడితే ఇల్లు కూలిపోయేలా నవ్వుతున్నారు. తర్వాత జీవితమంతా సినిమాల్లో మొహం అలాగే పెట్టాడు. నువ్వేమో దాన్ని ‘గుండెల్లో గూడుకట్టిన విషాదం ముఖంలో ఘనీభవించింది’ అన్నావు. గూడూ లేదు, ఘనీభవించడమూ లేదు. చిన్నప్పుడే నేర్చుకున్న వృత్తి రహస్యం అది, వడ్రంగికి చిత్రిక పట్టడం ఎలాగో అలా.

ఇల్లు కూలడం అంటే గుర్తొచ్చింది. 1928లో ఆయన సినిమా ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ వచ్చింది, శాక్రమెంటోలో నది ఒడ్డున సెట్టు వేసి తీశారు. తుఫానులో ఇంటి ముందు గోడ మొత్తం ఒక్క ముక్కగా ఆయన మీద పడుతుంది. పైన కిటికీ తెరిచి ఉంటుంది, ఆయన సరిగ్గా ఆ సందులో నిలబడి ఉంటాడు కాబట్టి బతుకుతాడు. ఆ గోడ బరువు సుమారు రెండు టన్నులు. కిటికీకి, ఆయన భుజాలకి మధ్య అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు, తల మీద రెండంగుళాలు, మడమల వెనక రెండంగుళాలు. లెక్క ఆయన చెప్పిందే. ట్రిక్కు లేదు, డూప్ లేడు. గాలికి గోడ మెలితిరగకుండా బరువుగా కట్టాలి, బరువుగా కడితే లెక్క తప్పినప్పుడు మనిషి మిగలడు.

ఈ సన్నివేశానికి నువ్వు ఇచ్చిన అర్థం: ‘బతుకు మీద విరక్తితో మృత్యువుకి ఎదురు నిలిచాడు’. అప్పటి మనఃస్థితి బాగాలేదని తర్వాత ఆయనే అన్న మాట ఉంది, ఒప్పుకుంటాను. కానీ అమ్మాయ్, విరక్తి పుట్టినవాడు అంగుళాలు కొలుచుకుంటాడా? ఆ రెండంగుళాలు రాస్తే విరక్తి ఉందో లేదో చదివేవాడు తేల్చుకుంటాడు. నీ పని అది కాదు.

ఆయన రైలు సినిమా ‘ది జనరల్’ మీద నువ్వు రాసింది రెండే వాక్యాలు. ‘మహత్తర కళాఖండం’ అన్నావు, ‘ఘోర పరాజయం’ అన్నావు. అందులో ఆయన రైలింజను చక్రాల్ని కలిపే కడ్డీ మీద దిగులుగా కూర్చుంటాడు, ప్రేమించిన పిల్ల పొమ్మంది కదా. ఇంజను కదులుతుంది. కడ్డీతో పాటు ఆయనా మెల్లగా పైకి, కిందికి, మళ్లీ పైకి. ఆయనకి ఆ సంగతే తెలియదు. షెడ్డులోకి వెళ్లే క్షణంలో తెలుస్తుంది. డ్రైవరు ఆవిరి కాస్త ఎక్కువ వదిలితే చక్రాలు జారి గిర్రున తిరుగుతాయి, మనిషి ప్రాణం పోతుంది. 1926 వేసవిలో ఆరెగాన్ రాష్ట్రం కాటేజ్ గ్రోవ్‌లో తీశారు. ఆ సినిమాకే వంతెన తగలబెట్టి నిజం ఇంజనుని నదిలో పడేశారు. ఆ ఒక్క షాటు ఖర్చు 42,000 డాలర్లు, మూకీల్లో అంత ఖరీదైన షాటు ఇంకోటి లేదంటారు. ఇంజను ఏళ్ల తరబడి ఆ నీళ్లలోనే పడి ఉంది, యుద్ధం రోజుల్లో ఇనుము కోసం తీశారు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ‘మహత్తర’ అంటావా?

ఇంకోటి. మూకీల్లో మాటల కార్డులు వేసేవారు కదా. అప్పట్లో సగటు సినిమాకి 240 కార్డులుంటే, తాను వాడింది మహా అయితే 56 అని చెప్పుకునేవాడు. బొమ్మలో ఉన్నది కార్డులో చెప్పడం ఆయనకి సిగ్గు. నీ వ్యాసంలో విశేషణాలన్నీ ఆ కార్డులే. నేను పెన్సిల్‌తో లెక్కపెట్టాను, రెండో పేజీలోనే పంతొమ్మిది.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం అనుకునేవు. ఎనభైల్లో మద్రాసులో ఓ సినిమా వారపత్రికకి రాసేవాణ్ణి. ఓసారి వడపళని దగ్గర ఓ సందులో ఉండే ముసలి ఫైటర్ని కలవమని పంపారు. పెద్ద పెద్ద హీరోలకి డూప్‌గా పడ్డ మనిషి. నేను వెళ్లి నేరుగా బాధల గురించి అడిగాను. ఆయనకి బాధలు చెప్పడం రాలేదు. అరచెయ్యి బల్ల మీద పెట్టి, ఇదిగో బాబూ మేడమీంచి పడేటప్పుడు ఒళ్లు ఇలా తిప్పాలి, ముందు భుజం, తర్వాత నడుము, కింద అట్టపెట్టెలు ఖాళీవి పేర్చాలి, గట్టివి పెడితే పక్కటెముకలు పోతాయి, అని అరగంట చూపించాడు. నేను మొహమాటానికి తలూపాను. ఇంటికొచ్చి ‘కూలిన బతుకు’ అని రాశాను. ఆ అట్టపెట్టెల మీద రెండు వాక్యాలు రాసిన పాపానికి ఎడిటరుగారు వాటినీ కొట్టేశారు, ‘ఇది టెక్నికల్, లేడీస్ చదవరు’ అన్నారు. డెబ్బై అయిదు రూపాయలు మనియార్డర్ వచ్చింది.

నెల తర్వాత ఆ ఫైటర్ ఓ స్టూడియో గేటు దగ్గర కనబడ్డాడు. పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. ‘బాగా రాశారు బాబూ, మా ఆవిడ ఏడిచింది. నా పని గురించి మాత్రం ఏం రాలేదేంటి’ అన్నాడు. కోపంగా అనలేదు. ఆ ఎడిటరుని నేను ఇప్పటికీ క్షమించలేదు. నన్ను క్షమించుకోవడం ఇంకా కష్టంగా ఉంది.

సరే, నీ దగ్గరికి వస్తాను. 1928లో కీటన్ సొంత యూనిట్ వదిలేసి ఎం.జి.ఎం. అనే పెద్ద హాలీవుడ్ స్టూడియోలో చేరాడు. జీవితంలో చేసిన పెద్ద తప్పు అదేనని ఆయనే చెప్పుకున్నాడు. ఆ సంగతికి నువ్విచ్చింది ఒక్క వాక్యం, తాగుడికి మూడు పేజీలు. తిరగెయ్యి. సొంత యూనిట్‌లో ఆయనకి స్క్రిప్టు లేదు. కథ మొదలు తెలుసు, ముగింపు తెలుసు, మధ్యది దానంతటదే వస్తుందని ధైర్యం. ఐడియా తట్టకపోతే షూటింగ్ ఆపి యూనిట్ మొత్తం బేస్‌బాల్ ఆడేవారు. అలాంటివాణ్ణి ప్రతి జోకూ ముందే కాగితం మీద పెట్టమన్నారు. (ముందు సినాప్సిస్ పంపండి, తర్వాత చూస్తాం అనే మన సంపాదకులు గుర్తొచ్చి నాకు బీపీ పెరిగింది.) చిత్రం ఏమిటంటే, ఆయనకి నచ్చని ఆ టాకీలు డబ్బు బాగానే చేశాయి. అందుకే ఎవరూ ఆయన మాట వినలేదు. తాగుడు, విడాకులు, 1933లో ఉద్యోగం పోవడం, అన్నీ ఆ స్టూడియోలో ఉన్న రోజుల్లోనే జరిగాయి. కొడుకుల ఇంటిపేరు కూడా తల్లి వైపుకి మారిపోయింది. అది రాయి, ఒక్క వాక్యంలో రాయి.

‘ఆ తర్వాత ఇరవై ఏళ్ల చీకటి’ అన్నావు. ఏ చీకటి? చౌక కంపెనీల్లో పొట్టి సినిమాలు చేశాడు. వారానికి 3,000 డాలర్లు తీసుకున్న ఎం.జి.ఎం. గేటులోంచే మళ్లీ లోపలికెళ్లి, వారానికి 100 డాలర్లకి వేరేవాళ్లకి జోకులు కట్టిచ్చాడు. 1940లో ఎలియనార్‌ని పెళ్లి చేసుకున్నాడు, చివరిదాకా ఆవిడే. 1947లో పారిస్ వెళ్లి సర్కస్‌లో ఆడాడు. టీవీ వస్తే టీవీలో చేశాడు. ఇది చీకటైతే మన రచయితలందరిదీ అమావాస్యే.

నువ్వడిగిన ప్రశ్నలు ఏడు. చాప్లిన్ గొప్పా, కీటన్ గొప్పా అన్నదానికి జవాబు చెప్పను. 1952లో చాప్లిన్ తీసిన ‘లైమ్‌లైట్’ సినిమాలో ఇద్దరూ కలిసి చేసిన సీను చూసి నువ్వే చెప్పు. చాప్లిన్ అసూయతో కీటన్ షాట్లు కత్తిరించాడన్న పుకారు మాత్రం తీసెయ్యి. ఫొటోలు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలీదు. ఏ పత్రికకి పంపాలి అన్నావు, మనసు బాగున్నప్పుడు రాస్తాను.

ముగింపులో ఆయన్ని ఆకాశంలో తారని చేశావు. ఆ పేరా మొత్తం కొట్టేశాను. దాని బదులు ఇది పెట్టు. హాలీవుడ్ వాళ్లు ఆయన జీవితం మీద తీసిన సినిమా 1957లో వచ్చింది. నీ వ్యాసం లాంటిదే, తాగుడూ కన్నీళ్లూ, నిజం తక్కువ. ఆ హక్కులకి ఆయనకి 50,000 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో వుడ్‌లాండ్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. కోళ్లు పెంచాడు. పెరట్లో బొమ్మరైలు పట్టాలు వేసుకున్నాడు, వచ్చినవాళ్లకి తినడానికి పెట్టేవి ఆ రైలు మీద వచ్చేవి. 1966 ఫిబ్రవరి 1న ఆ ఇంట్లోనే పోయాడు.

కాగితాలు తిప్పి పంపుతున్నాను. అన్ని పేజీల మీదా పెన్సిల్ గీతలుంటాయి, ఏడో పేజీ మీద ఉండవు. ఆయన టోపీ పేరా ఉంది అందులో. మంచి ఫెల్ట్ టోపీ కొని, పైభాగం అణిచి, టీకప్పు గోరువెచ్చటి నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి, అంచుకి రెండు వైపులా తడిపి, చదునైన చోట పరిచి ఆరబెట్టేవాడని, మన నూలు చీరలకి గంజి పెట్టినట్టే అట్టలా బిగుసుకునేదని రాశావు. అది చదివి నేను ఊరుకోలేకపోయాను. మనవడి స్కూలు డ్రామాకి కొన్న టోపీ ఇంట్లో ఉంటే దానికి చేసి చూశాను. నువ్వు చెప్పినట్టే బిగుసుకుంది. తెల్లారేసరికి చీమలు పట్టాయి, మా ఆవిడ దాన్ని డాబా మీద పడేసింది. ఆ చీమల సంగతి కీటన్ ఏం చేసేవాడో కనుక్కుని రాయి.

ఉంటాను.