మొదటి గుర్రం: కొనే ధర కాదు, ఏడాది ఖర్చు చూడండి

రైడింగ్ నేర్చుకుని రెండేళ్లయింది, గుర్రం ధరకు సరిపడా డబ్బు చేతికొచ్చింది, ఇక కొనేయొచ్చా అని అడిగారు. ఆ డబ్బు కొనడానికి మాత్రమే సరిపోయేదైతే, ఇంకొన్నాళ్లు ఆగండి. చాలా ఏళ్లుగా గుర్రాన్ని సాకుతున్నదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ధర ఒక్కసారి కట్టేస్తాం. పోషణ మాత్రం అది బతికినన్నాళ్లూ మన మీదే. బాగా చూసుకుంటే గుర్రం 25 ఏళ్లు, కొన్నయితే 30 ఏళ్లు కూడా బతుకుతుంది. జీను వేయలేని ముసలితనంలోనూ దానికి రోజూ మేత కావాలి, గిట్టలు చూడాలి, డాక్టర్ రావాలి. చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: చవక గుర్రం గడ్డి తక్కువేమీ తినదు.

మేత లెక్కతో మొదలుపెట్టండి. రోజుకు దాని బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండుమేత కావాలి. 450 కిలోల గుర్రమైతే 7 నుంచి 9 కిలోలు, అంటే ఏడాదికి దాదాపు 3 టన్నులు. అంత గడ్డి వానకు తడవకుండా ఎక్కడ పెడతారో ఇప్పుడే ఆలోచించుకోండి. బూజు పట్టిన గడ్డి పెడితే దగ్గూ, కడుపునొప్పీ రెండూ వస్తాయి. కొత్తవాళ్లు గింజల దాణా మీద పెట్టే శ్రద్ధ గడ్డి మీద పెట్టరు. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది, తిన్నా తినకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి. అందుకని కొంచెం కొంచెంగా, రోజంతా మేయాలి. మేత మార్చాల్సి వస్తే వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. నీళ్లు రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువే.

గిట్టలు 6 నుంచి 8 వారాలకోసారి చెక్కించాలి. లాడాలు కొట్టించకపోయినా ఈ ఖర్చు తప్పదు. ఏడాదికోసారైనా పళ్లు చూపించాలి. దవడ పళ్ల అంచులు పదునెక్కి బుగ్గను కోస్తుంటే, గుర్రం సగం నమిలిన గడ్డిని ఉండలుగా కింద పడేస్తుంది, చూస్తుండగానే చిక్కిపోతుంది. ధనుర్వాతం టీకా మానొద్దు, ఆ జబ్బు గుర్రాలకు చాలా తేలిగ్గా సోకుతుంది. నులిపురుగుల మందు కూడా లద్ది పరీక్ష చేయించి, డాక్టర్ చెప్పినట్టు వాడితే మంచిది.

ఇవన్నీ ముందే తెలిసే ఖర్చులు. చెప్పకుండా వచ్చే దాని కోసం వేరే డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఒక సాయంత్రం మా గుర్రం గడ్డి ముట్టలేదు. కాసేపటికి తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం మొదలుపెట్టింది, ముందుకాలితో నేల గీరింది, పడుకోబోయి మళ్లీ లేచింది. డొక్కకు చెవి ఆనించి విన్నాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు లోపల దూరపు ఉరుములా ఏదో ఒక చప్పుడు వస్తూనే ఉంటుంది. ఆ రోజు ఒకవైపు ఏమీ వినబడలేదు. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాల్సిన గుండె 60 దాటింది. గుర్రానికి వాంతి కాదు, కడుపులో చేరింది పైకి వచ్చే దారి లేదు. అందుకే డాక్టర్ రాగానే ముక్కులోంచి కడుపులోకి గొట్టం దించి చూశారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారుజామున అది లద్ది వేసేదాకా మాలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఆ కడుపునొప్పి మందులతో తగ్గింది. పేగు మెలిపడి ఉంటే ఆపరేషనే దిక్కయ్యేది, ఆ ఖర్చు చాలాసార్లు గుర్రం ధరను మించిపోతుంది. అలాంటి రాత్రి వస్తే ఎంతదాకా పెట్టగలరో ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే మాట్లాడుకోండి. రాత్రిపూట వచ్చే గుర్రాల డాక్టర్ మీకు దగ్గర్లో ఉన్నారో లేదో కొనకముందే కనుక్కోండి. లేకపోతే, నన్నడిగితే, అక్కడ గుర్రం పెట్టుకోవద్దు.

ఇంట్లో స్థలం ఉంది, అక్కడే కట్టేసుకుంటాం అని చాలామంది అనుకుంటారు. గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా ఉంచితే అదేపనిగా అటూ ఇటూ ఊగుతూ నిలబడటం, కొయ్యను పళ్లతో పట్టుకుని గాలి పీల్చడం లాంటి అలవాట్లు పడొచ్చు. అంటే ఇంట్లో పెంచాలంటే దానికి తోడు కూడా కావాలి, ఖర్చు అక్కడే పెరిగిపోతుంది. మొదటి గుర్రాన్ని అద్దె లాయంలో ఉంచడమే నయం. నెల అద్దెలో గడ్డి ఎంత ఇస్తారు, రోజుకు ఎన్ని గంటలు బయట తిరగనిస్తారు, రాత్రి అక్కడ ఎవరుంటారు అని అడగండి. అక్కడున్న గుర్రాల గిట్టలు ఎత్తి వాసన చూడండి. గిట్ట అడుగున గాడుల్లో నల్లటి జిగట, కుళ్లు కంపు ఉంటే నేల తడిగా ఉంటోందనీ, గిట్టలు రోజూ శుభ్రం చేయడం లేదనీ అర్థం.

ఇక ఎలాంటి గుర్రం? మీరూ కొత్త, గుర్రమూ కొత్త అయితే ఇద్దరికీ దెబ్బలే. పిల్ల గుర్రాన్ని కొని కలిసి నేర్చుకుందాం అనే ఆలోచన వదిలేయండి. పదేళ్లు దాటి, చాలామందిని మోసిన నెమ్మదైన గుర్రం చూసుకోండి. మీరు వెళ్లేసరికే జీను వేసి సిద్ధంగా ఉంచితే వద్దనండి. లాయంలోంచి తేవడం, మాలీషు చేయడం, జీను బిగించడం అన్నీ మీ కళ్ల ముందే జరగాలి. ముందు అమ్మేవాళ్లను ఎక్కమనండి. మీ బరువూ, జీను బరువూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. అమ్మేవాళ్ల డాక్టర్‌తో కాకుండా మీరు పిలిచిన డాక్టర్‌తో పరీక్ష చేయించండి, నొప్పి మందులూ మత్తు మందులూ బయటపడేలా రక్తం కూడా తీయించండి. ఈ పరీక్ష ఫీజు దగ్గర పీనాసితనం వద్దు.

అన్నిటికన్నా ముందు, మీరు నేర్చుకుంటున్న చోటే ఒక గుర్రాన్ని కొన్ని నెలలు లీజుకి ఇస్తారేమో అడగండి. స్వారీ ఒక్కటే కాదు, మేత, గిట్టలు, లద్ది ఎత్తడం అన్నీ మీరే చేస్తామని చెప్పండి. వానాకాలం ఆ లీజులో కలిసొచ్చేలా చూసుకోండి. బురదలో, చీకటితో లేచి వెళ్లాల్సిన రోజుల్లో కూడా వెళ్లబుద్ధయితే అప్పుడు గుర్రం వెతకడం మొదలుపెట్టండి. ఆ లీజు నెలల ఖర్చు చీటీలన్నీ దాచి పెట్టుకుంటే సొంత గుర్రానికి ఏడాదికి ఎంతవుతుందో మీ చేతిలోనే లెక్క ఉంటుంది.